చెక్క ఫ్లోరింగ్ వేయించే ముందు కింద స్లాబ్ సంగతి చూడండి

పోయిన వారం మా బావగారింటికి వెళ్తే హాల్లో అడుగు వేసినప్పుడల్లా కింద టక్ టక్ మని చప్పుడు. వంగి చూస్తే పలకల అంచులన్నీ పైకి లేచి ఉన్నాయి, గోడ దగ్గర రెండు పలకలైతే ఒకదాన్నొకటి తోసుకుని గుడారంలా నిలబడ్డాయి. వేయించి నాలుగు నెలలు కూడా కాలేదు. సరుకు మంచిదే, బిల్లు చూశాను. కాంక్రీటు ఆరకముందే పరిచేశారు, అంతే.

ఇంజనీర్డ్ వుడ్ (ప్లైవుడ్ మీద పల్చటి అసలు చెక్క పొర అతికించిన పలకలు) కదా, తేమకు ఏం కాదు అని అమ్మేవాళ్లు చెప్తారు. సగమే నిజం. ప్లైవుడ్ పొరలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఉండటం వల్ల మామూలు చెక్క కంటే తక్కువ ఉబ్బుతుంది, ఉబ్బకుండా మాత్రం ఉండదు.

కాంక్రీటు ఆరడానికి మోటు లెక్క అంగుళానికి నెల. 4 అంగుళాల స్లాబ్‌కి నాలుగు నెలలు, అదీ గాలి ఆడుతూ, వాన తగలకుండా ఉంటే. చెయ్యి పెడితే పొడిగానే తగులుతుంది, అందరూ మోసపోయేది అక్కడే. లోపలి తేమ మెల్లగా పైకొస్తూ ఉంటుంది, మీద చెక్క కప్పేస్తే అది బయటికి పోలేక పలకల అడుగుభాగానికి పడుతుంది, అడుగు ఉబ్బి అంచులు లేస్తాయి. మూరెడు చదరం పాలిథిన్ షీటు నాలుగు వైపులా టేపు వేసి నేలకి అతికించండి. మర్నాడు తీస్తే అడుగున చెమట పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా పని ఆపేయండి. ఏమీ కనిపించకపోయినా అది చాలదు, స్లాబ్‌కి రంధ్రం వేసి లోపలి తేమ కొలిపించి, కంపెనీ చెప్పిన పరిమితితో పోల్చుకోండి. రీడింగ్ ఫోటో దాచుకోండి, వారంటీ కోసం వెళ్తే అడిగే అవకాశం ఎక్కువ.

కొనేటప్పుడు మొత్తం మందం 14 మిల్లీమీటర్లు అంటే మురిసిపోకండి. పైనున్న అసలు చెక్క పొర ఎంతో అడగండి. మిల్లీమీటరు లోపు ఉంటే మళ్లీ గీకించి పాలిష్ పెట్టించడం కుదరదు, 3-4 ఉంటే రెండు మూడు సార్లు చేయించుకోవచ్చు. ముక్క అంచు కూడా చూడండి, కాగితం మీద చెక్క బొమ్మ అచ్చేసిన లామినేట్‌ని కూడా ఇదే పేరుతో అంటగట్టేవాళ్లున్నారు.

ఇక పని రోజు. పెట్టెలు దిగిన రోజే పరచనివ్వకండి, 48 నుంచి 72 గంటలు అదే గదిలో ఉండనివ్వండి. పెయింటు, టైల్స్, తడి పనులన్నీ అయిపోయాకే. పలకలు ఉబ్బినా జరగడానికి గోడల చుట్టూ 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, కార్పెంటర్ "బాగుండదండీ" అంటాడు, వినకండి, గోడ అడుగున కొట్టే స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది. ఆ స్కర్టింగ్ గోడకే కొట్టించండి, ఫ్లోరుకి కాదు. ఫోమ్ మీద పరిచే పద్ధతైతే కింద పాలిథిన్ ఉండాల్సిందే. గమ్‌తో అతికించేదైతే ముందు తేమ ఆపే ప్రైమర్. ఫోమ్ మీద పరిచినదాని పైన కిచెన్ క్యాబినెట్లు బిగించొద్దు. బాత్‌రూమ్‌లో వద్దు. స్టీమ్ మాప్ వద్దే వద్దు. అదే బ్యాచ్‌లో ఒక పెట్టె ఎక్కువ కొని దాచండి. స్లాబ్ ఆరకపోతే వేయించొద్దు. మేస్త్రీ తొందరపెట్టినా, డిస్కౌంట్ రేపటితో అయిపోతుందన్నా, వేయించొద్దు.

బావగారింట్లో నిన్న పలకలు పీకించారు. తిరగేస్తే అడుగున నల్లగా బూజు. ఇప్పుడు సోఫాలన్నీ బెడ్‌రూమ్‌లోకి తోసి, ఖాళీ స్లాబ్ మీద రెండు ఫ్యాన్లు పెట్టి ఆరబెడుతున్నారు.