‘ఎన్నో పేజీలో ఉన్నారు?’ అని అడగండి: బెంగళూరులో తెలుగు పుస్తకాల కబుర్లు మొదలుపెట్టడం ఎలా

బెంగళూరులో తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళు తక్కువేం లేరు, ఒకరికొకరు కనబడరు, అంతే. మారతహళ్ళిలో పీజీలో ఉన్నప్పుడు నా పక్క మంచం కుర్రాడి దగ్గర అట్టపెట్టెడు తెలుగు కథల పుస్తకాలు ఉన్నాయని నాకు తెలిసింది అతను గది ఖాళీ చేసి సామాను ఆటోలోకి ఎక్కిస్తున్న రోజున. ఎనిమిది నెలలు ఒకే గదిలో ఉన్నాం, మాట్లాడుకున్నదంతా ఆఫీసు క్యాబ్ గురించీ మెస్‌లో సాంబారు గురించీ. ఆ బాధ పోక, తర్వాత తెలిసిన ముగ్గుర్ని పోగేసి నెలకోసారి ఆదివారం పొద్దున కూర్చోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు పన్నెండు మంది దాకా వస్తున్నారు. మీ ఏరియాలో మీరూ మొదలుపెట్టాలనుకుంటే మాకు పనికొచ్చినవి చెప్తాను.

అన్నిటికంటే ముఖ్యం మీరు అడిగే ప్రశ్న. ‘మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది?’ అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే ఎప్పుడో కాలేజీలో చదివిన పెద్ద నవల పేరు ఒకటి బయటికొస్తుంది, అందరూ తలూపుతారు, మాట అక్కడే ఆగిపోతుంది. ‘ఇప్పుడు ఏం చదువుతున్నారు, ఎన్నో పేజీలో ఉన్నారు?’ అని అడగండి. పేజీ నంబరు అడిగేసరికి మనుషులు ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెడతారు. నలభయ్యో పేజీలో ఆగిపోయాను, పాత్రల పేర్లు కలిసిపోతున్నాయి అంటారు ఒకరు. మెట్రోలో ఇందిరానగర్ నుంచి మెజెస్టిక్ దాకా రోజుకి ఐదు పేజీలే అవుతున్నాయి, కానీ అయిపోతుందేమోనని భయంగా ఉంది అంటారు ఇంకొకరు. ఈ రెండో మాట విన్నాక ఆ పుస్తకం అడగకుండా ఉండగలరా? సగంలో వదిలేసినవి కూడా చెప్పనివ్వండి, ఎందుకు వదిలేశారో వింటే ఆ పుస్తకం మనకి సరిపోతుందో లేదో తెలిసిపోతుంది.

మనిషికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల్లో కథ చెప్పేయకండి. ‘అద్భుతం, తప్పక చదవాల్సిందే’ అని కూడా అనకండి, ఆ మాట విని పుస్తకం కొన్నవాళ్ళని నేనైతే చూడలేదు. మూడు పనులు చేయండి చాలు: పుస్తకంలో మీరు ఆగి మళ్ళీ చదివిన పేరా ఒకటి పైకి చదవడం, అది ఎలాంటి మనిషికి నచ్చుతుందో చెప్పడం, పుస్తకాన్ని పక్కవాళ్ళ చేతికి ఇవ్వడం. మా వాడొకడు కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ గురించి ఇలా చెప్పాడు: ‘పందులు మేపుకునే ముసలాయన, ఈనబోయే పంది ఇంటికి రాలేదని చీకటి పడ్డాక ఒక్కడే అడవిలోకి పోతాడు, తెల్లారేసరికి కథ అయిపోతుంది. సన్నటి పుస్తకం, లావు పుస్తకం చూస్తే టెన్షన్ పడేవాళ్ళు దీంతో మొదలుపెట్టొచ్చు. పశువులున్న ఇంట్లో పెరిగినవాళ్ళకైతే నిద్ర పట్టదు.’ అంతే చెప్పి ఒక పేజీ చదివాడు. ఉన్నది ఒక్క కాపీ, అడిగినవాళ్ళు నలుగురు. కేశవరెడ్డి గారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు అని చివర్లో చెప్పాడు. మొదటే చెప్పుంటే మాట రచయిత జీవితం వైపు వెళ్ళిపోయేది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ముందు పుస్తకం, తర్వాతే రచయిత.

పైకి చదవమని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ఈ ఊరికే సంబంధించింది. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు ఎంతోమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో నేర్చుకున్నది కన్నడం, తెలుగు అక్షరం రాదు. జయనగర్ నుంచి వచ్చే ఒక పెద్దావిడ మొదటిసారి వచ్చినప్పుడు ‘నేను ఊరికే వింటానమ్మా, నాకు చదవను రాదు’ అని చివర్న కూర్చున్నారు. ఆరోజు విన్నది ఆ అడవి పేజీయే. తర్వాతి నెల వచ్చీ రాగానే, చెప్పులు కూడా విప్పకముందే, ‘ఆ ముసలాయనకి పంది దొరికిందా?’ అని అడిగారు. ఇలాంటివాళ్ళు మీ దగ్గర ఉంటే అక్షరాలు నేర్పడం పెద్ద పనేం కాదు, రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే. ముందు తలకట్టు తేడా చూపించండి, తర్వాత తికమక పెట్టే క, త, శ లాంటివి ఒక కాగితం మీద పక్కపక్కన రాసివ్వండి.

చోటు విషయానికొస్తే, మేం కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గర కూర్చుంటాం. ఆదివారం లోపలికి బండ్లు రావు కాబట్టి చదివేది వినబడుతుంది, మెట్రో స్టేషన్ దగ్గరే. 2023లో మొదలైన కబ్బన్ రీడ్స్ వాళ్ళు అక్కడే శనివారాలు చాపలు పరుచుకుని మౌనంగా చదువుకుంటారు, మాటలతో పని లేనివాళ్ళు అటు వెళ్ళొచ్చు. మీరు మైకూ బ్యానరూ లాంటివి పెట్టుకోకండి. దుప్పటీ, మంచినీళ్ళూ, జూన్ నుంచి అక్టోబరు దాకా పుస్తకాలకి ప్లాస్టిక్ కవర్లూ ఉంటే చాలు. అయ్యాక ఓపికుంటే చర్చ్ స్ట్రీట్ దాకా నడిచి బ్లాసమ్‌లోనో బుక్‌వర్మ్‌లోనో కాసేపు తిరగండి.

తెలుగు పుస్తకాలు అక్కడ దొరుకుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి, మనం తెప్పించుకోవాల్సిందే. ఐదుగురు కలిసి ఒకే ఆర్డరు పెట్టండి, ఒకరి అడ్రసుకి తెప్పించుకుని ఖర్చు పంచుకోండి. చాలామంది ప్రచురణకర్తలు వాట్సాప్‌లో పేరు పంపితే పంపించేస్తారు. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆగిపోయాక పోస్టులో పుస్తకం పంపడం భారమైంది, 2025 మే 1 నుంచి పుస్తకాల కోసమే తపాలా శాఖ పెట్టిన జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మొదలైనప్పటి రేటు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా అయితే 100, పన్ను అదనం. నేలమార్గంలో వస్తుంది కాబట్టి నిదానం, కానీ ట్రాకింగ్ ఉంటుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రెస్సు పేరో ఉండాలి. ఊరికి వెళ్ళేవాళ్ళు సంచిలో రెండు పుస్తకాలకి చోటు ఉంచుకుని వస్తే మరీ మంచిది.

గ్రూపులో పీడీఎఫ్‌లు పెట్టడం మొదటిరోజే వద్దని చెప్పేయండి, మొహమాటపడకండి. తెలుగులో చాలా పుస్తకాలు అయిదొందలో వెయ్యో కాపీలే వేస్తారు, పాతిక మంది కొనకపోయినా ఆ రచయితకి తెలుస్తుంది. మన దేశంలో రచయిత పోయాక, ఆ మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు, ఆయన కథలు ఇప్పుడు ఎవరైనా పంచుకోవచ్చు, హాయిగా పంచుకోండి.

అరువిచ్చేవాటికి ఒక నోటుబుక్కు పెట్టండి. మా నాన్న కొన్న పుస్తకం ఒకటి, లోపలి పేజీలో ఆయన చేత్తో తేదీ, కింద ‘విజయవాడ’ అని రాసున్న కాపీ, ఒకరికిచ్చాను. వాళ్ళు ఇల్లు మారారు, నంబరు మారింది, ఇంక దొరకలేదు. కొత్త కాపీ కొనొచ్చు గానీ ఆ చేతిరాత ఎక్కడ కొంటాం? అందుకే అలాంటి కాపీలు చూపించండి, చదివి వినిపించండి, ఇవ్వకండి. మిగతావి ఇచ్చేటప్పుడు తేదీ, పుస్తకం పేరు, ఎవరిది, ఎవరు తీసుకున్నారు అని రాయండి. ఆఖరి గడిలో మాత్రం, తిరిగి తెచ్చిన రోజున, ఎన్నో పేజీ దాకా వచ్చారో వాళ్ళ చేతే రాయించండి. పూర్తి చేయకపోయినా తప్పేం లేదు, నాలుగైదుసార్లు ఒకే పుస్తకం ముప్ఫయ్యో పేజీ దగ్గర ఆగిందంటే అందరూ కూర్చుని ఆ ముప్ఫయ్యో పేజీనే చదవొచ్చు, మేం అలా ఒకటి దాటించాం కూడా.

పోయిన నెల ఆ నోటుబుక్కులో జయనగర్ పెద్దావిడ తన వరస తనే రాసుకున్నారు, తెలుగు అక్షరాల్లో. ఆఖరి గడిలో 11 అని ఉంది.