ఇంజన్ అరుస్తుంది, పడవ కదలదు: చిన్న అల్యూమినియం పడవకు జెట్ మోటార్ బిగిస్తే వచ్చే సమస్యలు, పరిష్కారాలు

సోమశిల దగ్గర కృష్ణలో పడవ నడిపేవాళ్లకు తెలుసు, శ్రీశైలం నిండు మట్టం 885 అడుగుల దగ్గర ఉన్నప్పుడు ఒక లెక్క, ఎండాకాలం నీళ్లు దిగిపోయాక ఇంకో లెక్క. మొన్నటిదాకా పడవ మీదుగా పోయిన చోటే రాళ్లు, చెట్ల మొద్దులు బయటపడతాయి, వాటికి పడవను తోసే ఫ్యాన్ రెక్క తగిలిందంటే ఆ రోజు పని అంతే. అందుకే నా 14 అడుగుల పడవకు ఫ్యాన్ తీయించి జెట్ పెట్టించాను. పెట్టించాక రెండు వారాలు నరకం చూశాను. మెకానిక్ అన్న కార్బురేటర్ రెండుసార్లు విప్పాడు, ప్లగ్గులు మార్చాడు, కానీ తప్పు అసలు ఇంజన్‌లో లేదు.

జెట్ అంటే పొలం దగ్గరి మోటారు పంపు లాంటిదే అనుకోండి, కింద ఉన్న నోటితో నీళ్లు గుంజి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుకే పడవ కదులుతుంది. ఫుట్‌వాల్వ్ దగ్గర గాలి గుంజితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపులో నీళ్లు రావు. ఇక్కడా సగం సమస్యలు అవే.

సమస్య: రేస్ ఇవ్వగానే ఇంజన్ గొంతు లేస్తుంది, పడవ లాగదు

పంపు గాలి గుంజుతోంది. ముందు మోటార్ ఎత్తు చూడండి. ఫ్యాన్ కోసం చేసిన వెనక పలక జెట్‌కు సరిపోదు, మోటారును సుమారు ఏడు, ఏడున్నర అంగుళాలు పైకి లేపాలి. పడవను గట్టు మీద పెట్టి, మేస్త్రీలు వాడే తిన్నని అల్యూమినియం పట్టీ ఒకటి తీసుకుని అడుగుకు ఆనించి వెనక్కి జరపండి. జెట్ నోటి ముందు అంచు ఆ పట్టీకి సమంగా ఉండాలి. అక్కడి నుంచి మొదలుపెట్టి నీళ్లలో నడిపి చూడండి. గాలి గుంజితే పావు అంగుళం దించండి, గుంజకపోతే గుంజేదాకా పావు అంగుళం చొప్పున లేపుతూ పోయి, తర్వాత ఒక మెట్టు కిందికి రండి. ప్రతిసారీ పలక మీద సుద్దముక్కతో గీత పెట్టుకోండి, లేకపోతే మూడో మార్పుకే ఎక్కడున్నామో తెలియదు. మరీ కిందికి దించితే నోటి అంచు నీళ్లను కోసి వెనక తుంపర లేపుతుంది, పడవ బరువుగా పోతుంది. ఇంకో మాట, ఒక్కరే కూర్చుని సరిచేసిన ఎత్తు నలుగురు ఎక్కాక పనికిరాదు, రోజూ ఎంత బరువు వేస్తారో అంతే వేసి చూడండి.

ఎత్తు సరిగ్గానే ఉన్నా గాలి ఆగకపోతే నోటికి ఎదురుగా పడవ అడుగున ఏముందో తడిమి చూడాలి. అడుగు మధ్యలో పొడుగునా ఉండే గట్టు (కీల్), రివెట్ల వరుస, పొడుచుకొచ్చిన బోల్టు, ఏదైనా సరే నీళ్లను చీల్చి బుడగలు పుట్టిస్తుంది, ఆ బుడగలు నేరుగా పంపులోకి పోతాయి. నా పడవకు జరిగింది ఇదే. లోతు చూపించే సెన్సార్‌ను సరిగ్గా నోటి ముందు బిగించాను, దాన్ని ఒక మూలకు జరిపేసరికి ఆ ఊళ అక్కడికక్కడే ఆగిపోయింది. మోటార్ పడవకు దూరంగా వెనక్కి ఎగిసి ఉన్నా ఇదే గోల, మోటార్ వాలును పట్టి ఉంచే టిల్ట్ పిన్ను మార్చి లోపలికి తెచ్చుకోండి.

సమస్య: బాగా నడుస్తూ నడుస్తూ మధ్యలో బలం పోయింది

నాచు, గుర్రపు డెక్క, లేదా వల. ఇంజన్ ఆపేస్తే నోటికున్న జాలీకి అంటుకున్న చెత్తలో చాలావరకు దానంతట అదే రాలిపోతుంది. రాలకపోతే కొక్కెంతో లాగండి. ఇంజన్ ఆగి, కిల్ స్విచ్ (లాగితే ఇంజన్ ఆగిపోయే మీట) తాడు తీసి చేతిలో పెట్టుకున్నాకే అక్కడ చెయ్యి పెట్టాలి. వల చుట్టుకుంటే మాత్రం గట్టుకు చేరాల్సిందే. ఆ సన్నటి నైలాన్ దారం వేడికి కరిగి ఇరుసు చుట్టూ గాజు కడియంలా బిగుసుకుని ఉంటుంది, బ్లేడుతో పోగు పోగు కోసి తీయాలి. ఎవరి వల తెగిందో కనుక్కుని డబ్బులిచ్చి రండి, అది వాళ్ల బతుకుదెరువు.

సమస్య: టక్ మని శబ్దం, తర్వాత ఇంజన్ తిరుగుతుంది కానీ తోపు అసలే లేదు

రాయి ఇరుక్కుని ఇంపెల్లర్ కీ తెగింది. ఇంపెల్లర్ అంటే పంపు లోపల నీళ్లు తోసే రెక్కల చక్రం, కీ అంటే దాన్ని ఇరుసుకు పట్టించే చిన్న లోహపు ముక్క. అది తెగడానికే పెట్టింది, ఇరుసు బతకడానికి. పడవలో రెండు స్పేర్ కీ ముక్కలు, పానా ఎప్పుడూ ఉంచుకోండి. కీ లేదని మేకు ముక్క కొట్టారంటే ఈసారి పోయేది ఇరుసే.

సమస్య: నెల నెలకూ వేగం తగ్గుతోంది

ఇసుక, గులకరాళ్లు తిని ఇంపెల్లర్ రెక్కల అంచు మొద్దుబారి ఉంటుంది, ఆకురాయితో సానపట్టండి. రెక్కకు, చుట్టూ ఉన్న గోడకు మధ్య సందు సుమారు 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకు మించితే ఇంపెల్లర్ కింద ఉన్న పలుచటి షిమ్ వాషర్లలో ఒకటో రెండో పైకి మార్చితే సందు తగ్గుతుంది. గ్రీజు మాత్రం పది గంటలకోసారి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. వచ్చే గ్రీజులో నీళ్లు ఎక్కువగా కనిపిస్తే సీలు పోయినట్టు. కూలింగ్ నీళ్ల ధార సన్నబడితే ఇసుక అడ్డుపడింది, వెంటనే ఆపండి.

ఇవి సమస్యలు కావు

40 హార్స్‌పవర్ ఇంజన్ జెట్ మీద 28 లాగే లాగుతుంది, దాదాపు ముప్పై శాతం పంపే తింటుంది. దానికి మెకానిక్‌ను తిట్టొద్దు. రేస్ పూర్తిగా తగ్గిస్తే పడవ తిరగకపోవడం కూడా లోపం కాదు, చుక్కాని ఉండదు కదా, తోసే నీళ్లే పడవను తిప్పుతాయి. ఒడ్డుకు వచ్చేటప్పుడు భయపడి రేస్ వదిలేస్తే నేరుగా వెళ్లి మెట్లకు గుద్దుకుంటుంది. పైగా న్యూట్రల్‌లో పెట్టినా లోపల ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, నోరు నీళ్లను గుంజుతూనే ఉంటుంది. ఘాట్ దగ్గర ఆడవాళ్లు, పిల్లలు స్నానాలు చేస్తుంటారు, చీర కొంగు, జుట్టు లోపలికి పోవడానికి క్షణం చాలు. నేను అందరికీ చాలా దూరంలోనే ఇంజన్ పూర్తిగా ఆపేసి, అక్కడి నుంచి తెడ్డు వేసుకుంటూ వస్తాను.