చైన్‌సా ఐడిల్‌లో ఆగిపోతుంటే

యాక్సిలరేటర్ వదలగానే, అంటే ఐడిల్‌లో, చైన్‌సా ఆగిపోతోందా? వెంటనే కార్బురేటర్ స్క్రూల జోలికి వెళ్లకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. సన్నటి పొట్టు నూనెతో కలిసి అట్టకట్టి ఉంటే, చాలాసార్లు అసలు జబ్బు అదే. ట్యాంకులో నెలల తరబడి నిలవున్న పెట్రోలుంటే తీసేసి, ఆయిల్ కలిపిన తాజాది పోయండి.

ఆ తర్వాతే ‘టి’ (T) లేదా ‘ఎల్ఎ’ (LA) అని రాసి ఉన్న ఐడిల్ స్పీడు స్క్రూని కుడివైపుకి కొద్దికొద్దిగా తిప్పండి, ఇంజిన్ నిలకడగా ఆడేదాకా. చైన్ కదిలిందా, వెంటనే వెనక్కి తిప్పాలి. ఐడిల్‌లో చైన్ కదలకూడదు, ఇందులో రాజీ వద్దు. స్పీడు తగ్గించినా చైన్ తిరుగుతూనే ఉంటే, ఇంజిన్‌ని చైన్‌తో కలిపే క్లచ్‌లోని స్ప్రింగులు చూడాలి.

ట్యాంకు నిండుగా ఉన్నా రంపాన్ని పక్కకి వంచగానే స్పీడు పెరుగుతుంటే గాలి లీకును, అంటే ఇంజిన్‌లోకి ఎక్కడినుంచో బయటి గాలి చొరబడటాన్ని, అనుమానించండి. అలాగే నడిపితే పిస్టన్ పట్టేసే ప్రమాదముంది, మెకానిక్‌కి చూపించండి.