విదేశంలో అద్దె కారు: పికప్ ఎక్కడ పెట్టుకోవాలి

విదేశీ ట్రిప్‌కి కారు బుక్ చేసేటప్పుడు ఏ కారు, రోజుకు ఎంత అన్న రెండు విషయాల మీద గంటలకు గంటలు కూర్చుంటాం. పికప్ లొకేషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎలాగూ దిగేది అక్కడే కదా అని ఎయిర్‌పోర్టు పేరు కొట్టేసి ముందుకెళ్లిపోతాం. అదే కంపెనీ, అదే సైజు కారు, అవే తేదీలు పెట్టి పికప్ చోటు ఒక్కటి మార్చి చూడండి. బిల్లు మారుతుంది, కౌంటర్ తెరిచి ఉండే వేళలు మారతాయి, అన్నిటికంటే ముఖ్యంగా తెలియని ఊళ్లో మీరు నడిపే మొదటి గంట పూర్తిగా మారిపోతుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆ మొదటి గంటనే, ధర ఆ తర్వాత.

ఎక్కడ అన్నదానికంటే ముందు, కారు అసలు ఏ రోజు నుంచి కావాలో తేల్చుకోండి. మొదటి మూడు రోజులు పెద్ద నగరంలో ఉండి, తర్వాత పల్లెల వైపో కొండల వైపో వెళ్లే ప్లాన్ అయితే ఆ మూడు రోజులూ కారు హోటల్ పార్కింగ్‌లో ఊరికే పడి ఉంటుంది, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది, పార్కింగ్ డబ్బులు అదనం. పైగా నడిబొడ్డుకి కారు తెస్తే డబ్బు వసూలు చేసే నగరాలున్నాయి: లండన్‌లో 2003 నుంచే కంజెషన్ చార్జ్ ఉంది, న్యూయార్క్‌లో 2025 జనవరి 5 నుంచి మాన్‌హాటన్‌లో 60వ వీధికి దక్షిణాన అడుగుపెట్టిన కారుకి, ఈ-జీపాస్ (అక్కడి టోల్ ట్యాగ్) ఉన్నా సరే, పగటిపూట 9 డాలర్లు పడుతోంది. కాబట్టి ఊరు చూసే రోజులు మెట్రోలో, బస్సుల్లో తిరిగేయండి. ఊరు దాటే రోజు పొద్దున కారు తీసుకోండి. ఈ ఒక్క నిర్ణయంతో సగం ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి, ఎందుకంటే ఇక పికప్ చోటు విమానం దిగిన చోటే అవ్వాల్సిన పని లేదు.

విమానం దిగీ దిగగానే కారెక్కేద్దాం అనుకుంటున్నారా? ఆ మొదటి పది నిమిషాలు ఎలా ఉంటాయో ఒకసారి ఊహించుకోండి. రాత్రంతా సరిగా నిద్ర లేదు. కారు పార్కింగ్ భవనంలో ఏ నాలుగో అంతస్తులోనో ఉంటుంది. కాంక్రీట్ కప్పు కింద జీపీఎస్ సరిగా అందదు, ఫోన్‌లో నీలం చుక్క ఎక్కడో రన్‌వే మీద నిలబడిపోయి ఉంటుంది. మీకు అలవాటు లేని వైపు నడిపే దేశమైతే డ్రైవర్ తలుపు అనుకుని తీస్తే ఎదురుగా గ్లవ్ బాక్స్ కనిపిస్తుంది. ఇండికేటర్ వేద్దామని కడ్డీ కదిపితే వైపర్లు పొడి అద్దం మీద కీచుమంటూ ఆడతాయి. మెలికలు తిరిగే ర్యాంపు దిగి గేటు దాటాక, జీపీఎస్ తేరుకునేలోపే రోడ్డు మూడు పాయలుగా చీలుతుంది, వెనక నుంచి బస్సు హారన్. అలవాటైన చేతికే ఇది టెన్షన్, నిద్ర లేని కళ్లతో మరీ ప్రమాదం. దూర ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ఆ రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గరే హోటల్‌లో పడుకుని, పొద్దున షటిల్‌లో వెనక్కి వచ్చి కారు తీసుకోవడం ఎంతో మేలు. ఒక రోజు అద్దె కూడా మిగులుతుంది.

అలాగని ఎయిర్‌పోర్టు వద్దని కాదు. పగటి పూట దిగుతున్నారు, ప్రయాణం చిన్నది, సామాను ఎక్కువ, పిల్లలున్నారు, నగరంలోకి వెళ్లే పనే లేదు అంటే దానికి మించిన చోటు లేదు. ఎయిర్‌పోర్టులు ఎక్కువగా ఊరి అంచున, హైవేకి దగ్గరగా ఉంటాయి కాబట్టి ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా బయటపడొచ్చు. కార్లూ ఎక్కువే ఉంటాయి. మీరు బుక్ చేసిన కారు రాకపోయినా ఇంకోటి ఇవ్వగలిగేది అక్కడే. ఆటోమేటిక్ గేర్ కావాల్సినవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం: యూరప్‌లో చాలా చోట్ల చవక కార్లు ఇంకా మాన్యువలే, ఊళ్లోని చిన్న బ్రాంచ్‌లో ఒకటో రెండో ఆటోమేటిక్‌లు ఉంటాయి, అందులో ఒకటి తిరిగి రావడం ఆలస్యమైతే మీ పని అంతే.

ఇక్కడ ఒక చిక్కుంది. సైట్‌లో ఎయిర్‌పోర్టు అని రాసినంత మాత్రాన కారు టెర్మినల్‌లో ఉందని అర్థం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్‌ట్రైన్, మయామీలో ఎమ్ఐఏ మూవర్, ఫీనిక్స్‌లో స్కై ట్రైన్ ఎక్కి విడిగా ఉన్న రెంటల్ కార్ సెంటర్‌కి వెళ్లాలి. ఇవి బాగానే ఉంటాయి, రైళ్లు వస్తూ పోతూ ఉంటాయి, కంపెనీలన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. లండన్ హీత్రోలో అయితే పెద్ద కంపెనీల యార్డులు ఎయిర్‌పోర్టు ప్రహరీ రోడ్డు పక్కన ఉంటాయి, వాళ్ల బస్సు ఎక్కి వెళ్లాలి. అసలు జాగ్రత్త పడాల్సింది వీటికంటే దూరంగా, ఏదో పారిశ్రామిక వాడలో ఆఫీసు పెట్టుకుని ఎయిర్‌పోర్టు పేరుతో అమ్మే చవక కంపెనీలతో. ఫోన్ చేస్తేనే వ్యాను వస్తుంది, అది వచ్చేది వాళ్లకి కుదిరినప్పుడు. బుకింగ్ పేజీలో ఇన్ టెర్మినల్, షటిల్ బస్, మీట్ అండ్ గ్రీట్ అని రాసి ఉండే చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి. మొదటిది ఉంటే కౌంటర్ టెర్మినల్ లోపలే, రెండోది ఉంటే బస్సు కోసం నిలబడాలి, మూడోది ఉంటే ఒక మనిషి మీ కోసం వస్తాడు, అతని ఫోన్ నంబరు మీ దగ్గర ఉండి తీరాలి.

డబ్బు సంగతికి వస్తే, అమెరికా ఎయిర్‌పోర్టు బిల్లుల్లో చాలా చోట్ల కన్సెషన్ రికవరీ ఫీజు 11.11 శాతం అని ఒక లైన్ కనిపిస్తుంది. అంత విచిత్రమైన అంకె ఎలా వచ్చిందంటే, కంపెనీ తన రాబడిలో 10 శాతం ఎయిర్‌పోర్టుకి కట్టాలి. ఆ మొత్తాన్ని మన దగ్గర వసూలు చేస్తే అదీ రాబడి కిందికే వస్తుంది, దాని మీద మళ్లీ పది శాతం. అలా 10ని 90తో భాగిస్తే వచ్చేదే 11.11. దీనికి తోడు కస్టమర్ ఫెసిలిటీ చార్జ్ అని ఇంకోటి, చాలా చోట్ల రోజుకి ఇంత అని పడుతుంది, రెంటల్ సెంటర్ భవనం కట్టిన ఖర్చు దాంట్లోంచే రాబట్టుకుంటారు. యూరప్‌లో పెద్ద రైల్వే స్టేషన్లలో కూడా ఇలాంటి అదనపు చార్జీ వేసే కంపెనీలున్నాయి. అందుకే రోజు అద్దె చూసి పోల్చకండి, పన్నులు, ఫీజులన్నీ కలిపి వచ్చే చివరి మొత్తం చూసి పోల్చండి. రెండు రోజుల అద్దెకి ఊళ్లోని బ్రాంచ్‌లో మిగిలే డబ్బు అక్కడిదాకా టాక్సీకే సరిపోతుంది. రెండు వారాలకి మాత్రం తేడా గట్టిగానే ఉంటుంది.

ఊళ్లోని బ్రాంచ్‌లతో అసలు ఇబ్బంది టైమింగ్స్. యూరప్‌లో చాలా చోట్ల శనివారం మధ్యాహ్నానికే మూసేస్తారు, ఆదివారం తెరవరు. మామూలు రోజుల్లో కూడా భోజనం వేళ తలుపులేసుకునే చిన్న ఆఫీసులున్నాయి. సోమవారం ఉదయం వాపసు ఇవ్వొచ్చులే అనుకుని ప్లాన్ వేసుకుంటే ఆ సోమవారం అక్కడ పండగ సెలవు కావచ్చు. బ్రాంచ్ పేజీలో మీ తేదీకి ఉన్న వేళలు చూసుకోండి, మామూలు వేళలు చూసి ఊరుకోవద్దు. ఎయిర్‌పోర్టులో తీసుకుంటే మాత్రం బుకింగ్‌లో విమానం నంబరు తప్పకుండా రాయండి. విమానం లేటైతే ఆ నంబరు చూసే మీ కారు ఉంచుతారు, లేదంటే రాలేదని బుకింగ్ రద్దు చేసే అవకాశం ఉంది.

ఇటలీ వెళ్లేవాళ్లు ఇది ఇంకాస్త ఓపికగా చదవండి. అక్కడ పాత ఊళ్ల నడిమధ్య ప్రాంతాల్లో జెడ్‌టీఎల్ అని ఉంటుంది, అనుమతి లేని కార్లు నిర్ణీత వేళల్లో లోపలికి రాకూడదు. గేటు ఉండదు, పోలీసు ఆపడు, కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీస్తుంది అంతే. జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది, అంతకంటే ముందు మీ వివరాలు అధికారులకి ఇచ్చినందుకు అద్దె కంపెనీ మీ కార్డు మీద వేరే ఫీజు లాగుతుంది. ఒకే సాయంత్రం దారి తప్పి రెండు మూడు కెమెరాల ముందు తిరిగితే అన్ని జరిమానాలూ విడివిడిగా రావచ్చు. ఫ్లోరెన్స్ లాంటి ఊళ్లో నడిబొడ్డున కారు తీసుకుంటే మొదటి మలుపు నుంచే ఈ భయం. అదే పెరెటోలా ఎయిర్‌పోర్టుకి ఊళ్లోంచి టీ2 ట్రామ్ ఉంది, అది ఎక్కి వెళ్లి అక్కడ కారు తీసుకుంటే పాత ఊరి జోలికే పోకుండా హైవే ఎక్కేయొచ్చు. వెనిస్‌లో అయితే కార్లు వెళ్లగలిగేది ఊరి అంచునున్న పియాజాలే రోమా చుట్టుపక్కల దాకానే, అద్దె కౌంటర్లు కూడా అక్కడే ఉంటాయి. ఊరు చూసేసి కారు తీసుకుని వంతెన మీదుగా బయటికి వెళ్లిపోవడానికి అది చక్కటి చోటు.

సరిహద్దు దగ్గర ఎయిర్‌పోర్టుల్లో ఇంకో మెలిక. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గరున్న యూరోఎయిర్‌పోర్టు ఫ్రాన్స్ భూమి మీద ఉంటుంది, కానీ లోపల స్విస్ వైపు, ఫ్రెంచ్ వైపు అని రెండు దారులు. జెనీవాలో కూడా ఫ్రెంచ్ సెక్టార్ విడిగా ఉంది. బుకింగ్ సైట్లో రెండూ దాదాపు ఒకే పేరుతో కనిపిస్తాయి, ఫ్రెంచ్ వైపు తరచుగా చవక. అయితే స్విస్ వైపు ఇచ్చే కారు మీద స్విస్ హైవేలకి కావాల్సిన విన్యెట్ (రోడ్డు పన్ను స్టిక్కర్) ఉంటుంది, ఫ్రెంచ్ వైపు కారుకి లేకపోతే 40 స్విస్ ఫ్రాంకులు పెట్టి మీరే కొనుక్కోవాలి. చలికాలమైతే టైర్ల సంగతి కూడా ముందే అడగండి, ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో ప్రకటించిన ఊళ్లలో నవంబర్ 1 నుంచి మార్చి 31 వరకు వింటర్ టైర్లో, గొలుసులో ఉండాలి. సరిహద్దు దాటడానికి కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

పేర్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ ఎయిర్‌పోర్టు ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరం. పారిస్ బోవే కూడా పారిస్‌కి 80 కిలోమీటర్ల పైమాటే. కౌంటర్ పేరు చూడగానే బుక్ చేయకుండా మ్యాప్‌లో చుక్క ఎక్కడుందో చూడండి.

నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి వేరే ఉంది: పెద్ద నగరంలో కారు తీసుకోవడమే మానేసి, రైల్లో మీరు తిరగబోయే ప్రాంతం దాకా వెళ్లి అక్కడ తీసుకోవడం. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ చూడాలంటే పారిస్ నుంచి కారులో బయల్దేరడం దేనికి, టీజీవీ అనే హైస్పీడ్ రైలు మూడు గంటలలోపే అవిన్యోన్‌లో దించుతుంది. అవిన్యోన్ టీజీవీ స్టేషన్ పాత ఊరి గోడలకి దూరంగా ఉంటుంది, కౌంటర్లు స్టేషన్ దగ్గరే, తీసుకున్న కాసేపటికే పల్లె దారుల్లో ఉంటారు. ఊరి మధ్యలో అవిన్యోన్ సెంటర్ అని ఇంకో స్టేషన్ ఉంది, బుకింగ్‌లో రెండూ కలిపేసుకోకండి. స్కాట్లండ్ హైలాండ్స్‌కి కూడా అంతే, లండన్ నుంచి రాత్రి రైలు నేరుగా అక్కడి ఇన్వర్‌నెస్ ఊరికి వెళ్తుంది. చిన్న ఊళ్లో రద్దీ తక్కువ, తప్పు మలుపు తిరిగినా వెనక్కి తిప్పుకునే వీలుంటుంది. కొత్త వైపు నడపడం అలవాటు చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

రెండు మూడు చోట్లు చేతిలో మిగిలాక ఇలా తేల్చుకోండి. మ్యాప్ తెరిచి, బ్రాంచ్ గేటు నుంచి హైవే దాకా దారి వేసి, స్ట్రీట్ వ్యూలో మొదటి రెండు మూడు మలుపులు కళ్లతో చూడండి. వన్‌వేలు, ట్రామ్ పట్టాలు, బస్సు లేన్లు కనిపిస్తే ఆ బ్రాంచ్ వదిలేయండి. రివ్యూలు కంపెనీవి కాకుండా ఆ ఒక్క బ్రాంచ్‌వి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి. ఒకే పేరు మీద ఒక ఊళ్లో కంపెనీ సొంతంగా, ఇంకో ఊళ్లో ఫ్రాంచైజీ వాళ్లు నడుపుతుంటారు, పద్ధతుల్లో తేడా ఉంటుంది. లేని గీతలకి డబ్బు గుంజారని ఒకే బ్రాంచ్ మీద పదే పదే ఫిర్యాదులుంటే ఎంత చవకైనా వద్దు. బేస్‌మెంట్‌లో కారు ఇచ్చే చోటైతే, వెలుతురులోకి తెచ్చి నాలుగు వైపులా వీడియో తీసుకున్నాకే బయల్దేరండి, గీతలేమైనా కనిపిస్తే అక్కడే కాగితం మీద రాయించండి.

వాపసు ఇచ్చే చోటు అదే కావాలని కూడా లేదు. చాలా కంపెనీల్లో రేటు పికప్ చోటుని బట్టే ఉంటుంది కాబట్టి, ఊళ్లో తీసుకుని చివరి రోజు ఎయిర్‌పోర్టులో ఇచ్చేస్తే కొన్నిసార్లు రెండు విధాలా లాభం. వన్‌వే ఫీజు ఎంతో మాత్రం ముందే చూడండి, ఒకే నగరంలో అసలు లేకపోవచ్చు, వేరే దేశంలో ఇస్తే అద్దెనే మించిపోవచ్చు. ఆఫీసు మూసి ఉన్న వేళ తాళాలు పెట్టెలో వేసి వెళ్లే పద్ధతిలో, వాళ్లు వచ్చి కారు చూసుకునేదాకా చాలా ఒప్పందాల్లో బాధ్యత మీదే. తెల్లవారుజామున విమానం ఉంటే మనుషులుండే కౌంటర్‌నే ఎంచుకోండి, లేదా ముందు రోజు సాయంత్రమే, ఆఫీసు తెరిచి ఉండగానే, దగ్గర్లో ట్యాంకు నింపించి కారు ఇచ్చేసి రసీదు తీసుకోండి.