పంట కార్డు మీదే పాడి లోన్: దరఖాస్తు ఇలా

రెండెకరాల వరి, ఇంటి వెనక రెండు గేదెలు. గడ్డి గేదెలకు, పేడ పొలానికి, పాల డబ్బులు ఇంటి ఖర్చుకి. ఇలా సాగుతున్న ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అయినా బ్యాంకులో పంటకు మాత్రమే లోన్ అడిగి, దాణాకు బయట వడ్డీకి తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. పంట లోన్ ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 బడ్జెట్‌లోనే పశువులకు, కోళ్లకు, చేపలకు కూడా వర్తింపజేశారు.

ముందే ఒక మాట: ఇది గేదెను కొనడానికిచ్చే లోన్ కాదు. ఉన్నవాటి మేత, దాణా, మందులు, కూలి, కరెంటు ఖర్చులకు ఇచ్చేది. బ్యాంకులో "గేదె కొనుక్కుంటాను సార్" అన్నారో, మీ కాగితం వేరే లోన్ ఫైల్లోకి పోతుంది.

పంట కార్డు ఇప్పటికే ఉంటే రెండోది అక్కర్లేదు. అదే బ్రాంచికి వెళ్లి పాడి ఖర్చులు కలిపి లిమిట్ పెంచమని అడగండి. కార్డు లేకపోతే ఫారం కొత్తగా నింపాలి. పీఎం కిసాన్ డబ్బులు పడుతున్నవాళ్లకు అది ఒక్క పేజీయే. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు పట్టుకెళ్లండి. కౌలు రైతులూ అర్హులే. ఆంధ్రప్రదేశ్‌లో అయితే సాగు హక్కు కార్డు చూపించవచ్చు. గేదె చెవికున్న పసుపు ట్యాగు మీది 12 అంకెలు కూడా రాసుకెళ్తే మంచిది. బురదలో అంకెలు కనపడవు, ముందురోజే తడిగుడ్డతో తుడిచి చూసుకోండి.

ఒక్కో పశువుకు ఎంత ఇవ్వాలో జిల్లా సాంకేతిక కమిటీ ఖరారు చేస్తుంది. పక్క జిల్లాలో బావమరిదికి ఎంత వచ్చిందో చెప్పి వాదిస్తే లాభం లేదు, మీ బ్రాంచి ఫీల్డ్ ఆఫీసర్‌నే అడగండి. ఫారంలో పశువులతో పాటు పచ్చిగడ్డి వేసిన సెంట్లు కూడా రాయండి.

2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. 3 లక్షల లోపు కార్డుకు ప్రాసెసింగ్ ఫీజు కూడా లేదు. కాగితాలన్నీ అందిన 14 రోజుల్లో కార్డు ఇవ్వాలి. అందుకే ఫారం ఇచ్చినరోజే తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. మొహమాటపడితే తర్వాత తిరగాల్సింది మీరే.

వడ్డీ 7 శాతం. పశువుల భాగంలో 2 లక్షల వరకు, గడువులోపు కట్టేస్తే 3 శాతం తగ్గుతుంది. 60,000 తీసుకుంటే ఏడాదికి 4,200 బదులు 2,400. గడువు దాటితే ఆ 1,800 మీద ఆశ వదులుకోవాల్సిందే.