వరి పొలంలో పరాన్నజీవి కందిరీగల సర్వేకి వెళ్లే ముందు

ఖరీఫ్ నాట్లు అయ్యాయి. ఈ కందిరీగలు కాండం తొలుచు పురుగు గుడ్లను తిని పెరుగుతాయి. ఆ గుడ్ల ముద్దలు ఏరడానికి బయల్దేరేవాళ్లు ఇవి చూసుకోండి.

– చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, తేదీ తెలియని కందిరీగ ఎంత అరుదైనదైనా దండగే.

– ఒక్కో ట్యూబులో ఒక్క ముద్దే. రెండు కలిపితే కందిరీగ రకాలైన ట్రైకోగ్రామా, టెలినోమస్, టెట్రాస్టికస్‌లలో ఏది దేన్లోంచి వచ్చిందో తేలదు. దూది గట్టిగా బిగించండి. ట్రైకోగ్రామా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, ఏ సందు దొరికినా పోతుంది.

– మగవాటిని పారేయొద్దు. ట్రైకోగ్రామా జాతి తేల్చేది వాటి జననాంగాలే.

– డీఎన్‌ఏ పరీక్షకైతే 95 శాతం ఆల్కహాల్ వాడండి. ఫార్మలిన్ వద్దు, డీఎన్‌ఏ పాడవుతుంది.

– మందు ఎప్పుడు కొట్టారో రైతును ముందే అడగండి. లేకపోతే ఖాళీ ట్యూబులు చూసి ఈ ప్రాంతంలో కందిరీగలే లేవని రాసేస్తాం.