బొంత మీద పువ్వు కుట్టేవాళ్లకి

పాత చీరల బొంత మీద అప్లిక్ పువ్వులు, అంటే పైన వేరే గుడ్డ పెట్టి కుట్టే పువ్వులు, కుడుతున్నారా? కుట్టు బయట మిగిలిన పై గుడ్డ కోయడానికి పెద్ద టైలర్ కత్తెర తీయకండి. అలా తీసే నేను అమ్మమ్మ బండార్లంక చీరకి వేలెడు చిల్లు పెట్టాను.

ఒక బ్లేడు బాతు ముక్కులా వెడల్పుగా ఉండే కత్తెర దొరుకుతుంది, అది కొనుక్కోండి. వెడల్పు బ్లేడుని కింది గుడ్డ మీద ఆనించి, మిగులు గుడ్డని రెండో చేత్తో కాస్త పైకెత్తి కుట్టు పక్కనుంచి కోయండి. కింది గుడ్డ అణిగి ఉంటుంది కాబట్టి తెగదు. సందులకీ దారాలకీ 4 అంగుళాల మొనదేలిన కత్తెర చాలు, చీర ముక్కలు చేయడానికి 8 అంగుళాలది.

మన కోనసీమ తేమకి కత్తెర ఇట్టే తుప్పు పడుతుంది. కీలు దగ్గర కుట్టుమిషన్ నూనె చుక్క వేసి తుడవండి. పిల్లలు దాంతో కాగితాలు కోయకుండా దాచుకోవడం మీ తంటా!